కుక్కకూనకు ఈయవలసిన గడువు



సికింద్రాబాదు నుండి రాజీవ్ రహదారి వెంట ఉత్తరముగా పోవువారికి, హకీంపేట విమానస్థావరమును దాటిన పిమ్మట, శామీర్‌పేట చెరువు ఇంకను కనబడకముందే తగులు ఊరు మా తూంకుంట. ఒక తరము క్రిందటి వరకు పొలములు, రాతిగుట్టలు, నడుమ నడుమ తాటిచెట్లు తప్ప వేరేమియు లేని ఈ దారి పొడుగున నేడు ఫామ్‌హౌసులు లేచినవి, విల్లాలు లేచినవి, కావలివాని అనుమతి లేనిదే పిట్ట దూరరాని గేటెడ్ కమ్యూనిటీలును లేచినవి. ఊరు మారినప్పుడు ఊరితోపాటు ఊరికుక్క బ్రతుకును మారినది. అయితే కుక్క స్వభావము మారలేదు, దానినుండి మనము ఆశించునది మాత్రమే మారినది. నేటి ప్రసంగమునకు విషయము ఆ ఆశయే.

పూర్వము పల్లెలో కుక్కపిల్లను ఒకచోటికి పోయి వెలపెట్టి తెచ్చుకొనుట అన్నది అరుదు. ఏ గడ్డివాము నీడననో, ఏ పాడుగోడ ప్రక్కననో తల్లి ఈనెడిది. పాలు విడుచువరకును, ఆ తరువాత కొన్నాళ్ళవరకును పిల్లలు తల్లిని వెన్నంటి తిరిగెడివి. ఆపైన వాటిలో ఒకటి ఏదో ఒక యింటి వాకిటిని తనదిగా ఎంచుకొని, ఆ యింటివారు వేసిన గట్కనో జొన్నరొట్టె ముక్కనో తిని అక్కడనే పెరిగెడిది. దానికి ఎవరును ఏమియు నేర్పినవారు కారు. అయినను ఏడాది తిరుగునప్పటికి అది ఇంటివారిని, వచ్చిపోవు చుట్టములను, కొత్త మనిషిని వేర్వేరుగా పోల్చుకొనుచుండెడిది. దానిని చూచియే కాబోలు, కుక్కకు విశ్వాసము, కావలి, బుద్ధి అన్నియు పుట్టుకతోనే వచ్చుననియు, పిల్లను తెచ్చి గేటులోపల విడిచినచో మిగిలినది అదియే చూచుకొనుననియు మనలో ఒక నమ్మకము స్థిరపడినది. ఈ నమ్మకమునందు ఒక లెక్క తప్పిపోయినది. ఆ యీతలో పుట్టిన పిల్లలలో ఎన్ని బండిచక్రముల క్రింద పడినవో, ఎన్ని ముసురువానలలో చలికి వణకి చచ్చినవో, ఎన్ని రోగమున పోయినవో ఎవరును లెక్కింపలేదు. బ్రతికి బట్టకట్టిన ఒక్క కుక్కను చూచి మనము కుక్కజాతికంతటికిని తీర్పు చెప్పుకొంటిమి. అంతియే కాదు, ఆ ఒక్కదానికిని ఏడాదికాలము, తల్లి సాంగత్యము, ఊరంత ఆవరణము, ఎక్కడ కాలెత్తినను ఎవరును కోపింపని మట్టినేల లభించినవి.

నేటి కూన కారులో వచ్చును. దాని వెంట మంచము, గిన్నె, మెడపట్టీ, ఒక ఇంగ్లీషు పేరు వచ్చును. మెరయుచున్న గచ్చు మీద దానిని దింపి, ఇంటిల్లిపాదియు చుట్టు కూర్చుండి ఫోటోలు తీయుదురు. వారము తిరుగునప్పటికి ఫిర్యాదులు మొదలగును. మా చుట్టుప్రక్కల నేను తరచుగా వినుచున్న మాట యిది: "వారమాయె సారూ, ఇంకా బయటికి పోవుడు తెలుస్తలేదు. ఇల్లంత పాడు చేస్తున్నది. మంచి జాతి అని గన్ని పైసలు పెట్టి తెస్తిమి!" పల్లెవాడు ఏడాదిలో అడుగనిదానిని పట్టణవాసి ఏడు దినములలో అడుగుచున్నాడు, పైగా పల్లె యిచ్చినదానిలో ఒక్కటియు ఈయక అడుగుచున్నాడు.

ముందుగా వయస్సు సంగతి. జంతువులయెడల క్రూరత్వమును నివారించుటకై 1960 లో వచ్చిన చట్టమును అనుసరించి, 2017 లో కేంద్రప్రభుత్వము కుక్కల పెంపకమునకును విక్రయమునకును నియమములు చేసినది. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదని అందులో నిబంధన కలదు. అయినను నెల దాటీదాటని కూనలు అట్టపెట్టెలలో అమ్ముడుపోవుట మనమందరము ఎరిగినదే. చిన్నదానిని తెచ్చినచో మనకు బాగుగా మాలిమి అగునని కొనువారి ఊహ, త్వరగా అమ్మినచో మేతఖర్చు మిగులునని అమ్మువాని లెక్క. కుక్కపిల్ల పుట్టినప్పుడు గ్రుడ్డిది, చెవిటిది; రెండు వారములకు కన్నులు విచ్చును, మూడవ వారమున చెవులు వినవచ్చును. అటుపిమ్మట అయిదు వారములు అది తోడబుట్టిన వాటితో కలియబడి, కఱచి, కఱపించుకొని, ఎంత గట్టిగా పట్టినచో ఎదుటిది కుయ్యిమని ఆట మానివేయునో, ఎంత మెత్తగా పట్టినచో ఆట సాగునో తెలిసికొనును. తల్లి గుఱ్ఱుమన్నచో తగ్గుటయు అప్పుడే నేర్చుకొనును. నెలనాటి కూనను తెచ్చినవారు ఈ పాఠములన్నింటిని తమ చేతుల మీదను, తమ పిల్లల మడమల మీదను నేర్పుకొనవలసి వచ్చును. అట్టివారు "మా కుక్క మరీ కఱచుచున్నది" అని వాపోవుటలో ఆశ్చర్యము లేదు.

ఇక అందరి ఓర్పును పరీక్షించు మూత్రము సంగతి. దీనిని గూర్చి కొంత విపులముగా చెప్పుట అవసరము. ఏలయనగా కుక్కపిల్లలు దెబ్బలు తినుటకును, తుదకు వీధిపాలగుటకును ఇదియే కారణమగుట నేను చూచినాను. రెండు నెలల కూనకు మూత్రాశయమును బిగబట్టగల కండరబలము ఇంకను ఏర్పడలేదు. అది పొగరు కాదు, మొండితనమును కాదు, శరీరము ఎదుగకుండుట మాత్రమే. వయస్సు ఎన్ని నెలలో, దానికి ఒకటి కలిపినచో వచ్చునన్ని గంటలు పగటివేళ ఓర్చుకొనగలదని పశువైద్యులు చెప్పు లెక్క యొకటి కలదు. అనగా రెండు నెలలదానికి మూడు గంటలు. అదియు గరిష్ఠ పరిమితియే కాని నిత్యము అడుగదగినది కాదు. మెలకువగా ఉండి ఆడుచున్న పిల్లకు గంటకొక పర్యాయము బయటికి పోవలసిన అవసరము కలుగును. పాలుపోసికొనని కంకిని కోసి కళ్ళమున పరచి, గింజ రాలలేదని కఱ్ఱతో మోదువాని పని యెట్టిదో, ఈ వయస్సులో శుచిని అడిగి కొట్టువాని పనియు అట్టిదే. నాలుగవ నెలకు కొంత మేలగును. ఆరు నెలలు నిండునప్పటికి పెక్కు పిల్లలు నమ్మదగినవి అగును. కొన్నింటికి ఏడాది పట్టినను అది జాతిలోపము కాదు.

అయితే అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా అనినచో, అక్కరలేదు. కూనకు మూత్రము వచ్చు వేళలు మూడు: నిద్ర లేచినంతనే, తిన్న పావుగంటలోపల, ఆట మధ్యలో హఠాత్తుగా ఆట ఆపి నేల వాసన చూచుచు గుండ్రముగా తిరుగునప్పుడు. ఈ మూడు వేళలను కనిపెట్టి, ఎత్తుకొనిపోయి, ప్రతిదినము ఒకేచోట దింపి, పని కాగానే అక్కడనే మెచ్చుకొని చిన్న తినుబండారమొకటి ఇచ్చినచో చాలును. ఇంటిలోనికి వచ్చినపిదప ఇచ్చు బహుమానము ఇంటిలోనికి వచ్చినందుకే అని అది భావించును. ఇక్కడ మన క్రొత్త యిండ్లయందలి చిక్కొకటి చెప్పవలెను. కుక్కపిల్ల పాదము ఏ నేల మీద ఈ పని మొదట అలవాటు చేసికొనునో ఆ నేలనే తరువాతను వెదకును. టైల్సు వేసిన బాల్కనీలో పాతపత్రికల మీద రెండు నెలలు అలవాటుచేసి, ఆ పిమ్మట ఒకనాడు పచ్చిక మీద దింపి "ఇక్కడ చేయుము" అనినచో దానికేమి తెలియును? చేతిలో గజము మట్టినేల ఉన్నవారు తొలినాటినుండియే దానిని వాడుకొనవలెను. తూంకుంటలో ఇంకను అంత మట్టి మిగిలియున్నది. వానకాలమున తడిగడ్డి మీద కాలు మోపక మారాము చేయు పిల్లతో మనమును గొడుగుపట్టి నిలువవలసినదే. దానికి వేరు ఉపాయము లేదు. తప్పు చోట చేసినదానిని సబ్బునీటితో వాసన పోవునట్లు కడిగి ఊరకుండవలెను. ఫినాయిలు పోసి తుడుచుట మన యిండ్ల ఆచారమే కాని, ఆ నేలను, తన పాదములను నాకు అలవాటున్న కూనకు అది విషము.

పిల్ల ముక్కును దాని మూత్రమున రాచుట, చుట్టిన పత్రికతో కొట్టుట అను రెండు పద్ధతులు మన దేశమున ఇంకను శాస్త్రములవలె చెలామణి అగుచున్నవి. జరిగిన పని గడచి పది నిమిషములైనచో, ఆ దెబ్బకును ఆ పనికిని గల సంబంధము కుక్కకు తెలియదు. "తెలియకేమి, నన్ను చూడగానే తలవంచుకొని, తోక ముడుచుకొని, నేరము ఒప్పుకొనుచున్నదే!" అందురు. ఈ మాటను 2009 లో న్యూయార్కులోని బర్నార్డ్ కళాశాలయందు అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అను విదుషి పరీక్షించి చూచినది. కుక్క తప్పు చేసినను చేయకున్నను, యజమాని మందలించినప్పుడు ఆ నేరస్థుని ముఖము ప్రత్యక్షమగుచున్నదని తేలినది. నిరపరాధియైన కుక్కను మందలించినప్పుడు మరింత స్పష్టముగా కనబడినది. అది ఒప్పుకోలు కాదు, భయము. కొట్టిన ఫలమేమనగా, కూన మూత్రము పోయుట మానదు. మీ ఎదుట పోయుట మానును. సోఫా వెనుకకును మంచము క్రిందికిని పోయి పోయును. బయటికి తీసికొనిపోయినను, మీరు ప్రక్కన నిలిచియున్నంతవరకు భయపడి బిగబట్టి, ఇంటిలోనికి రాగానే చాటుకుపోయి కార్యము ముగించును. అప్పుడు యజమానుడు "చూచితిరా, దీని కుయుక్తి!" అనును.

నిరపరాధమైన కుక్కపిల్లను కొట్టుట మనకు సామాన్య విషయముగా తోచవచ్చును గాని, భారతకథను తెలుగున మొదలుపెట్టిన నన్నయభట్టు ఆదిపర్వారంభముననే చెప్పిన కథలలో ఒకటి దీనిని గూర్చినదే. జనమేజయుడు యాగము చేయుచుండగా దేవశుని సరమ కొడుకు సారమేయుడు ఆడుకొనుచు అచ్చటికి వచ్చినాడు. రాజు తమ్ములు వానిని కొట్టినారు. మూలకథయందు ఆ పిల్ల హవిస్సును ముట్టలేదు, కన్నెత్తి చూడనైనను లేదు. అది ఏడ్చుచు పోయి తల్లితో చెప్పుకొనగా, సరమ రాజసభకు వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమి అని నిలదీసి, మీకు ఊహింపని భయము కలుగునుగాక అని శపించి వెడలిపోయినది. అంతటి చక్రవర్తి ఆ శాపమునకు కలతచెంది, శాంతి చేయింపదగిన పురోహితుని వెదకుకొనుచు ముని ఆశ్రమమునకు పోయినాడు. ఇంతటి మహాగ్రంథమునకు ముఖద్వారమున ఒక కుక్కతల్లి నిలిచి న్యాయమడుగుట యాదృచ్ఛికమని నేననుకొనను. ఇది నా అభిప్రాయము. పండితులు వేరుగా చెప్పుదురేమో.

కఱచుట, కొఱుకుట అనునవి రెండవ ఫిర్యాదు. కూనకు పాలపండ్లు ఇరువదియెనిమిది. అవి సూదులవలె ఉండుటచే రక్కినచోటెల్ల నెత్తురు చిమ్మును. నాలుగవ నెలలో అవి ఊడనారంభించి, ఆరేడు నెలలకు నలువదిరెండు గట్టిపండ్లు వచ్చును. ఈ మధ్యకాలమంతయు చిగుళ్ళు సలుపుచుండును గనుక చెప్పులు, కుర్చీకాళ్ళు, ఫోను తీగలు ఏవి దొరికినను అది నమలును. చెప్పు పోయినచో ఆ తప్పు చెప్పును వాకిట విడిచినవానిది. చల్లబఱచిన గజ్జరగడ్డ, తడిపి ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్డముడి, గట్టి రబ్బరుబొమ్మ ఇచ్చి, చేయి కఱచిన వెంటనే అరవక, గుంజుకొనక, చేతిని కదలింపక ఆట చాలించి లేచిపోయినచో క్రమముగా తగ్గును. క్రమముగా అనగా వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు. ఇంటిలో చిన్నపిల్లలున్నచోట మరింత జాగ్రత్త వలయును. బిడ్డ కేరుచు పరుగెత్తుట కూనకు ఆటకు పిలుపు, కూన వెంటపడుట బిడ్డకు భయము. వారిద్దరిని పెద్దవారు లేనిచోట ఒంటిగా విడువరాదు.

ఇక్కడనే నిద్రను గూర్చియు ఒక మాట. చిన్న కూన రోజునకు పదునెనిమిది గంటలు నిద్రించును. చూడవచ్చినవారందరు లేపి ఆడించుచుండుటచే నిద్ర చాలని పిల్ల, సాయంకాలమగునప్పటికి పిచ్చిపట్టినట్లు ఇల్లంతయు పరుగెత్తి కనబడినవారినెల్ల కఱచును. శిక్షణ పేరిట మరికొంత అలయించుట అప్పుడు పనికిరాదు. నిద్రపుచ్చుటయే దానికి మందు. మొదటి రాత్రులలో ఏడ్చుట మరియొక సంగతి. తల్లి కడుపు వెచ్చదనము నుండి ఒక్కసారి వేరై వచ్చినది ఏడువక ఏమి చేయును? "ఏడ్చినచో పోవద్దు, అలవాటగును" అని సలహా చెప్పువారు కలరు. నేను దీనిని అంగీకరింపను. దాని పెట్టెను కొన్నాళ్ళు మంచము ప్రక్కన పెట్టుకొని, చేయి అందునట్లుంచినచో, దానికి ధైర్యమును మీకు నిద్రయు కలుగును. నడిరేయి ఒకసారి బయటికి తీసికొనిపోవుట మాత్రము తప్పదు.

ఇంతకంటె ముఖ్యమైనదియు, మనవారు బొత్తిగా గమనింపనిదియు ఇంకొకటి కలదు. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు పెక్కు సంవత్సరములు కుక్కపిల్లలను పరిశీలించి 1965 లో ఒక గ్రంథము వెలువరించిరి. మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వరకు గల కాలము కుక్కపిల్ల లోకముతో స్నేహము చేయు కాలమని అందలి ముఖ్యసారాంశము. ఆ దినములలో చూచిన మనుష్యులను, విన్న చప్పుళ్ళను అది తనవిగా స్వీకరించును. ఆ గడువు దాటిన పిమ్మట ఎదురైన క్రొత్తదానినెల్ల శంకతో చూచును. మా తూంకుంటలో దీని అవసరము ఇంతంత కాదు. హకీంపేట నుండి లేచిన వైమానికదళ విమానములు నెత్తి మీదుగా పోవును, రాజీవ్ రహదారి మీద కరీంనగరు లారీలు రాత్రింబవళ్ళు మోత చేయుచుండును, పెండ్లి బరాతులకు బ్యాండు, బోనాలకు డప్పు, దీపావళికి బాంబులు ఉండనే యున్నవి. వీటికి అదరని కుక్క కావలెననుకొన్నవారు ఆ తొలి నెలలలోనే, దూరమునుండి, మెల్లగా, తినుచు ఆడుచు ఉన్నప్పుడు వాటిని వినిపింపవలెను.

ఇక్కడ ధర్మసంకటమొకటి కలదు. ఆ కాలమే టీకాలు పూర్తికాని కాలము. ఆరు నుండి ఎనిమిది వారముల వయస్సున మొదటి టీకా, ఆపైన మూడు నాలుగు వారములకొకటిగా పదునారవ వారము వరకు సాగును. 1978 ప్రాంతమున లోకమంతట పొడసూపిన పార్వో అను విరేచనరోగము వీధిమట్టిలో మాసముల తరబడి నిలిచియుండి, టీకా పడని కూనను రెండు మూడు దినములలో పొట్టనబెట్టుకొనును. కావున కొందరు నాలుగు నెలలు గదిలో పెట్టి తలుపు వేయుదురు. రోగము రాదు గాని, పిరికితనము వచ్చును, పిరికికుక్కయే తరువాత కఱచుకుక్క యగును. మధ్యమార్గము కష్టమైనది కాదు. నేల దింపక చంకనెత్తుకొని వీధి చూపవలెను, కారు కిటికీనుండి చూపవలెను, గొడుగు పట్టినవానిని, హెల్మెట్ పెట్టినవానిని, గడ్డము పెంచినవానిని, వాచ్‌మన్‌ను, పాలవానిని ఇంటికి వచ్చినప్పుడు పరిచయము చేయవలెను. నాలుగు నెలలలో ఇంతమాత్రము జరిగినచో, "కూర్చో" అనగానే కూర్చుండలేదన్న చింత పెట్టుకొనవలసిన పని లేదు.

ఆ "కూర్చో" అన్న మాటను గూర్చి. రెండున్నర నెలల పిల్లకు కూర్చుండుట, పేరు పిలిచినచో వచ్చుట నేర్పవచ్చును. అయితే ఒక్కొక్క పాఠము అయిదు నిమిషములకు మించరాదు. చెప్పినట్లు చేసిన క్షణముననే బహుమానము అందవలెను; జేబు తడుముకొనునంతలో అది వేరొక పని చేయుచుండును, ఆ పనికే జీతము ముట్టినదని తలచును. ఇంటిలో తండ్రి "సిట్" అనుచు, తల్లి "కూర్చో" అనుచు, తాతగారు "కూచోరా" అనుచు, ముగ్గురును విసుగుకొనుచుందురు. ముగ్గురు కలసి ఒక మాటకు కట్టుబడినచో కుక్క చదువు సగము పూర్తియైనట్లే. ఇంకొకటి: నడవలో నేర్చినది నడవకే పరిమితము. లోపల చక్కగా కూర్చుండినది గేటువద్ద మేకను చూచినంతనే చెవిటిదగును. అది మరచిపోవుట కాదు, క్రొత్తచోట క్రొత్తగా నేర్పవలసియుండుట.

ఎంతయో శ్రమించి ఆరు నెలలకు దారికి తెచ్చితిమని నిట్టూర్చినవారికి ఎనిమిదవ నెలలో మరల గండము వచ్చును. పిలిచినచో వచ్చునది రాకుండును, తెలిసిన మాటను తెలియనట్లు నటించును. ఇంగ్లాండులోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయమువారు 2020 లో ప్రకటించిన పరిశోధనయందు, ఎనిమిది నెలల వయస్సున కుక్కలు తమ యజమాని మాటను అయిదు నెలలనాటికంటె తక్కువగా వినుచున్నవనియు, అదే మాటను పరాయివారు చెప్పినచో వినుచున్నవనియు కనుగొనిరి. యౌవనమున బిడ్డలున్న తలిదండ్రులకు దీనిని వివరించి చెప్పవలసిన పని లేదు. ఏడాది నిండునప్పటికి ఈ దశ చాలవరకు గడచిపోవును. దురదృష్టమేమనగా, ముద్దు తీరి, దేహము పెరిగి, మాట వినని ఈ నెలలలోనే కుక్కలు విడువబడుట ఎక్కువ. శామీర్‌పేట దారిలో మెడపట్టీ గుర్తు ఇంకను మాయని జాతికుక్కలు దాబాల చుట్టు తిరుగుట చూచినప్పుడు వాటి వయస్సును ఊహించుట కష్టము కాదు.

"పోలీసు కుక్కలు అంత చక్కగా వినునే!" అని అడుగువారికి జవాబు చెప్పవలెను. మొయినాబాదు వద్ద తెలంగాణ పోలీసుశాఖవారి శిక్షణ కేంద్రము కలదు. అచ్చట కుక్కతోపాటు దానిని నడపు మనిషికిని నెలల తరబడి శిక్షణ ఈయబడును. ఆ మనిషికి ఆ కుక్కతప్ప వేరు ఉద్యోగము లేదు. ఏరిన పిల్ల, తీరికగల గురువు, నిత్యమొకే వేళకు జరుగు అభ్యాసము, ఈ మూడును కలిసిన ఫలము పరేడునాడు మనకు కనబడునది. ఉదయము తొమ్మిదింటికి మాధాపూరు పోయి రాత్రి తొమ్మిదింటికి మరలివచ్చు గృహస్థుడు దానితో తన కూనను పోల్చుట న్యాయము కాదు.

మా ప్రాంతమునకు ప్రత్యేకమైన ఆశ మరియొకటి కలదు, అది కావలి. ప్లాటుకు ప్రహరీ కట్టి, ఫామ్‌హౌసుకు తాళము వేసి, రెండు నెలల రాట్‌వీలరునో జర్మన్ షెపర్డునో తెచ్చి గుంజకు గొలుసుతో కట్టుదురు. ఆదివారము వచ్చి, అది దొంగను చూచి మొరుగుట లేదని చింతింతురు. కావలిబుద్ధి ఏడాది, ఏడాదిన్నర వయస్సునగాని కుదురుకొనదు. గొలుసున పెరిగినదానికి తనవారెవరో పరులెవరో ఎట్లు తెలియును? అది అందరిని మొరుగును, లేదా ఎవరిని మొరుగదు. మంచుదేశపు హస్కీని తెచ్చి మే నెల ఎండలో రేకుల షెడ్డు క్రింద కట్టువారిని గూర్చి నేనేమియు చెప్పజాలను. వేడికి తాళగల దేశీకుక్కలు మనకు లేకపోలేదు. తమిళనాటి రాజపాళయమున స్థిరపడిన తెలుగు రాజులు పోషించిన తెల్లని వేటకుక్క 2005 లో తపాలాబిళ్ళ మీద కూడ ముద్రింపబడినది. అయితే అదియు పరుగెత్తుటకు చోటు అడుగు జంతువు, గదిలో ఇమిడెడిది కాదు. మన వీధిలో పుట్టిన పిల్ల మన యెండకు, మన అన్నమునకు అన్నింటికంటె తగినది. 2013 లో స్వీడను శాస్త్రజ్ఞులు, తోడేలుకంటె కుక్కకు పిండిపదార్థమును జీర్ణించుకొను శక్తి జన్యువులలోనే హెచ్చియున్నదని చూపిరి. కాబట్టి అన్నము పెట్టుట పాపము కాదు. ఉత్త పెరుగన్నముతోనే పెంచుట మాత్రము ఎదుగు పిల్లకు చాలదు, గ్రుడ్డో మాంసమో తగినంత కలియవలెను. ఉల్లి, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్, ఉడికిన కోడియెముక పెట్టరాదు. పిడుదులను వారమునకొకసారి చెవులలోను, వ్రేళ్ళ సందులలోను వెదకి తీయవలెను.

ఒక విషయమున మాత్రము ఓర్పు పనికిరాదు. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, ఆపైన డాక్టరు చెప్పిన గడువున మరల వేయించుట తప్పనిసరి. చిన్నకూనయే కదా అని, దాని పంటిగాటునో గోటిగీతనో ఉపేక్షింపరాదు. టీకా పడని పిల్లకును ఆ రోగముండవచ్చును. గాయమును వెంటనే సబ్బుతో, పారుచున్న నీటిలో పదిహేను నిమిషములు కడిగి, పసుపు, కారము, సున్నము వంటివి పూయక, అదే దినమున ఆసుపత్రికి పోవలెను. మన నగరమున నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ దీనికి పేరెన్నికగన్నది. రోగలక్షణములు కనబడినపిదప ఈ వ్యాధికి చికిత్స లేదు.

కుక్కపిల్లను తేదలచిన శ్రోతలకు నా మనవి యిది. వెలయెంత, జాతియేది అను ప్రశ్నలకు ముందు, రానున్న ఆరు నెలలపాటు పగలు రెండు మూడు గంటలకొకసారి దానిని బయటికి తీసికొనిపోవుటకు ఇంటిలో ఎవరుందురో పేరు పెట్టి చెప్పుకొనుడు. అట్టి మనిషి ఉన్నచో, వెలపెట్టి కొనకముందు వీధిపిల్లల దత్తత సంగతి కనుగొనుడు. 1992 నుండి పనిచేయుచున్న బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్ వంటి సంస్థలు అట్టి పిల్లలను ఇచ్చుచున్నవి. అట్టి మనిషి లేనిచో, పిల్లలెంత మారాము చేసినను, ఈ యేడు తేవద్దు.